ఇంట పండ్లను గడ్డకట్టించు విధము

విద్యార్థులారా, వేసవియందు చల్లని పదార్థమును కోరనివారుండరు. శీతలయంత్రము లేని యింటను పండ్లముక్కలను గడ్డకట్టించవచ్చును. అందొక ప్రకృతిశాస్త్ర పాఠమును గలదు.

మామిడి, అరటి, అనాస పండ్లను కడిగి, తొక్కతీసి, చిన్నముక్కలుగా కోసి, బత్తాయిరసమును కొంచెము పంచదారను చేర్చి, మూతగల లోహపాత్రయందుంచవలెను. బాల్చీలో మూడుపాళ్లు నలుగగొట్టిన మంచుగడ్డను, ఒకపాలు కల్లుప్పును కలిపి, నడుమ ఆ పాత్రను నిలిపి, గోనెసంచి కప్పవలెను. నడుమనడుమ మూతతీసి ముక్కలను కలియబెట్టవలెను. ఉప్పునీరు లోనికి చొరనీయరాదు.

ఉప్పేల? శుద్ధజలము 0 డిగ్రీల సెంటీగ్రేడున గడ్డకట్టును. చక్కెర కరగిన రసమునకు అంతకంటె అధికమైన చలి కావలెను. కావున వట్టి మంచుగడ్డ చాలదు. ఉప్పు తగిలిన మంచు త్వరగా కరగును; కరగుటకు వలయు వేడిని తనచుట్టునుండి లాగుకొనును. అందుచే ఆ మిశ్రమము సున్నకు దిగువ 21 డిగ్రీలవరకు చల్లబడగలదు. దానిని వట్టిచేతులతో తాకరాదు, చర్మము చెడును.

చలికి రోగక్రిములన్నియు చచ్చునని తలంపరాదు. పెక్కు క్రిములు మంచునందు జీవించియే యుండి, వేడి తగిలినంతనే మరల వృద్ధిపొందును. ఒకమారు మా యింట బజారు మంచుగడ్డను రసములోనే వేసితిమి. మా చిన్నవాడు మూడుదినములు విరేచనములతో మంచమెక్కెను. ఆ తప్పు నాదే. నాటినుండి మా యింట మంచుగడ్డ పాత్రకు వెలుపలనే యుండును. రసమున చేర్చు నీరు కాచి చల్లార్చినదై యుండును.

ప్రశ్న: ఉప్పునకు బదులు పంచదారను మంచుపై చల్లినయెడల ఏమగును? ఉష్ణమాపకముతో పరీక్షించి వ్రాయుడు.