పారణ లేని యుపవాసము

లండను నగరమందలి క్లినికల్ సొసైటీవారు 1874వ సంవత్సరమున వెలువరించిన సంపుటమున ఒకే బాలికయొక్క పటములు రెండు కలవు. ఛాయాపటములను జూచి కఱ్ఱపై చెక్కి యచ్చొత్తించిన బొమ్మలవి. మొదటి దానిలో కండ కరగి, యెముకలు తేలి, 30 ఏండ్ల స్త్రీవలె నగపడు ముఖము. రెండవ దానిలో చెక్కిళ్లు నిండిన యువతి. మొదటిది తీయించునాటికి ఆమె వయస్సు 17 సంవత్సరములు. రెండవదాని నాటికి 21. ఏండ్లు గడచిన కొలది ఆమె చిన్నదానివలె మారుట యెట్లు సంభవించెను? దీనికి జవాబు మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలిసియుండుట యవసరమని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆ పటములను ప్రకటించినవారు గైస్ ఆసుపత్రిలో పేరొందిన వైద్యులు సర్ విలియమ్ గల్ గారు. 1873 అక్టోబరులో ఆ సభయందు చదివిన వ్యాసమున వారు బాలిక పేరు దాచి "కుమారి ఏ" యని మాత్రమే చెప్పిరి. వ్యాధికి "అనొరెక్సియా నెర్వోజా" యను పేరిడినవారును వారే. అదే సంవత్సరమున పారిసు నగరమున లాసేగ్ అను వైద్యుడును ఇట్టి రోగులను గూర్చియే వ్రాసెను. కుమారి ఏ గల్ గారియొద్దకు 1866 జనవరిలో వచ్చినది. దేహమున ఏ యవయవమునందును రోగము కానరాలేదు. ఆమె తినుట మానినది, అంతియే. అంతగా కృశించియు నొకచోట నిలువక తిరుగాడుచుండెడిది. ఆ యోపిక యెక్కడినుండి వచ్చుచున్నదో యని వైద్యుడే యాశ్చర్యపడెను. "కుమారి బి" యను 18 ఏండ్ల మఱియొక బాలికను క్షయరోగియని యెంచి, చలికాలమునకు దక్షిణ ఐరోపాకు తీసికొనిపోవలసినదని బంధువులకు ఎవరో సలహా యిచ్చియుండిరి. గల్ గారు పరీక్షింపగా క్షయ లేదు.

ఆ బాలికల తూకములను గల్ గారు స్పష్టముగా వ్రాసియున్నారు. మేము వ్రాయము. ఈ వ్యాధికి లోనైనవారు ఇతరుల తూకమును జదివి, దానిని తమకు గుఱిగా బెట్టుకొందురని వైద్యులు హెచ్చరించుచున్నారు.

గల్ గారికంటె దాదాపు రెండువందల యేండ్లు ముందే, 1689లో, రిచర్డ్ మోర్టన్ అను ఆంగ్లవైద్యుడు క్షీణింపజేయు రోగములను గూర్చి లాటిను భాషలో వ్రాసిన గ్రంథమున ఇట్టివారి నిద్దఱిని వర్ణించెను. ఈయన వైద్యుడగుటకు ముందు పాదిరిగా నుండినవాడు. ఆ యిద్దఱిలో నొకతె 18 ఏండ్ల బాలిక. రేయింబవళ్లు పుస్తకములయందు మునిగియుండెడిది. ఔషధములు విడిచి కొలదికాలమునకే మరణించెను. రెండవవాడు 16 ఏండ్ల బాలుడు, ఒక పాదిరిగారి కుమారుడు. చదువు మాన్పించి, పల్లెగాలికి పంపి, గుఱ్ఱపుస్వారియు పాలును నియమింపగా అతడు చాలవఱకు కోలుకొనెను. ఇది బాలికలకే వచ్చు వ్యాధియనువారు ఈ బాలుని జ్ఞప్తియందుంచుకొనవలెను.

పేరునందే యొక చిక్కు కలదు. గ్రీకు భాషలో అనొరెక్సియా యనగా ఆకలి లేమి. దీనినిబట్టి మన వైద్యగ్రంథములలోని అరోచకము వంటిదే యని పలువురు భ్రమింతురు. జ్వరము వచ్చినవానికి నోటికి రుచి లేకుండుట అరోచకము. ఈ వ్యాధిలోనో, తొలిదినములలోనైనను, ఆకలి చావదు. దానిని జయించుటయే రోగికి పనియగును. తాను దినక, ఇతరులకు వండిపెట్టి, కొసరి కొసరి వడ్డించువారు వీరిలో ననేకులు. దీనిని ఉపవాసముతో పోల్చుటయు సరికాదు. శ్రమదినములలో మన సంఘమువారు చేయు నుపవాసమునకు గాని, ఏకాదశినాడు మన యిరుగుపొరుగువారు చేయుదానికి గాని, మహమ్మదీయుల రోజాకు గాని ఒక గడువు కలదు. పిమ్మట పారణ కలదు. చేయువారు కోరినపుడు విడువగలరు. ఈ వ్యాధిగలవారు విడువలేరు. ముద్ద యెదుటికి వచ్చినకొలది భయము హెచ్చును. మానసిక వ్యాధులలో మరణములు మిక్కిలి యధికముగా గలవానిలో ఇది యొకటి.

ఆకలి మనస్సునేమి చేయునో యెఱుగవలెనన్న, 1944 నవంబరున అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ గారు ఆరంభించిన పరీక్షను జూడవలెను. మనస్సాక్షినిబట్టి ఆయుధము పట్టమని నిరాకరించిన యువకులు 36 మంది దీనికి తమంత తాము ముందుకు వచ్చిరి. వారిలో పలువురు క్వేకరు, మెన్నొనైటు, బ్రెదరన్ సంఘములకు చెందినవారు. యుద్ధమువలన పస్తులున్న ఐరోపా ప్రజలకు తిరిగి అన్నమెట్లు పెట్టవలెనో తెలిసికొనుట పరీక్షయొక్క యుద్దేశము. 1945 ఫిబ్రవరినుండి 24 వారములు వారికి రొట్టె, బంగాళాదుంపలు మున్నగువానితో సగముపాటి యాహారమే యిచ్చిరి. శరీరభారమున దాదాపు నాలుగవ వంతు తఱిగెను. అది యూహింపదగినదే. ఊహింపనిది మఱియొకటి. దృఢచిత్తులును సేవాపరులునైన ఆ యువకులు వంటపుస్తకములను నవలలవలె చదువసాగిరి. పళ్లెము ముందు చాలసేపు కూర్చుండి యొక్కొక్క ముద్దను నలుపుచుండిరి. చదువునందును స్నేహమునందును ఆసక్తి చచ్చెను, వేసవిలోను చలియనిరి, గుండె మెల్లగా కొట్టుకొనెను, చిన్నమాటకు కోపమో కన్నీరో వచ్చెడిది. వీరికి సన్నబడవలెనను కోరిక లేదు. అయినను అనొరెక్సియా రోగుల చేష్టలలో పెక్కు వీరియందు కనబడెను. కావున మనము రోగియొక్క మొండితనమని యనుకొనుదానిలో చాలభాగము ఆకలి చేయు పనియే. అన్నము లేని మెదడునకు ఎంత హితము చెప్పినను తలకెక్కదు.

ఐనచో ఆ యువకులు అన్నము దొరకగానే తినిరి గదా, వీరేల తినరు? హాలండులోని యూట్రెక్టు నగరపు శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన పరీక్ష యొకటి దీనికి కొంత జవాబు చెప్పును. ద్వారము వంటి సందు నొకదాని నేర్పఱచి, దాని వెడల్పును మార్చుచు, స్త్రీలను అందుగుండ నడువుమనిరి. ఇఱుకైన చోట మనమందఱము భుజము త్రిప్పి దూరుదుము. ఆరోగ్యవతులు సందు తమ భుజములకంటె నూటికి 25 వంతులు వెడల్పుగా నున్నపుడు త్రిప్ప నారంభించిరి. రోగులు నూటికి 40 వంతులు వెడల్పుగా నున్నపుడే త్రిప్పిరి. కన్నులే గాదు, కాళ్లును భుజములును సైతము తాము లావైనవని నమ్మియున్నవన్నమాట. అద్దము చూచుకొనుమని తల్లి మందలించిన లాభమేమి?

ఇచ్చట చిత్రలేఖనము సాయపడును. కొన్ని చికిత్సాలయములలో గోడకు పెద్ద కాగితమంటించి, తన దేహమెంత యుండునో రోగిచేతనే గీయింతురు. పిమ్మట ఆమెను ఆ కాగితమున కానించి నిలిపి, నిజమైన యంచులను వేఱొక రంగుతో గీయుదురు. రెండు గీతల నడుమ బెత్తెడు యెడము కనబడిన కనబడవచ్చును. దానితో వ్యాధి కుదురదు. కాని తల్లి ఆ కాగితమును జూచి, తన కూతురు అబద్ధమాడుటలేదని మొదటిసారి గ్రహించును. మా దృష్టిలో అదియే పెద్ద మేలు.

అన్ని పటములును ఇట్లు మేలు చేయవు. 2007 సెప్టెంబరున ఇటలీలోని మిలాను నగరమున వస్త్రప్రదర్శనల కాలమందు, ఈ వ్యాధిచే కృశించిన ఇసబెల్ కారో యను ఫ్రెంచి యువతియొక్క నగ్నఛాయాపటమును పెద్ద ప్రకటనఫలకములపై నుంచిరి. తీసినవారు ఒలివియేరో టోస్కాని గారు. జనులు భయపడి మేల్కొందురని తలంచిరి. రోగులకు అది భయముగాక పోటీని గలిగించునని పలువు రాక్షేపించిరి. ఆ యువతి 2010లో మరణించినది. ఎముకలను జూపు పటము ఎముకలనే తెలుపును, వ్యాధిని తెలుపదు. గల్ గారు రెండవ పటమును గూడ ప్రక్కనే వేయించుట మాకెక్కువ నచ్చినది.

ఇది కేవలము ఫ్యాషను పిచ్చియని తేల్చివేయువారికి మఱియొక సంగతి. 2019లో ప్రకటింపబడిన పరిశోధనలో, 17 దేశములనుండి 16,992 మంది రోగుల జన్యువులను 55,525 మంది యితరుల జన్యువులతో పోల్చి చూచిరి. ఎనిమిది స్థానములలో భేదము స్పష్టమయ్యెను. శరీరము ఆహారమును వినియోగించుకొను రీతికిని ఈ వ్యాధికిని జన్యుసంబంధము కలదనియు తేలెను.

మేమెఱిగిన యొక వసతిగృహమున నొక బాలిక తన పెరుగును, అరటిపండును దినదినము చిన్నపిల్లలకు పంచిపెట్టుచుండెను. ఆమె త్యాగమును మేము ప్రార్థనకూటమునందే మెచ్చుకొంటిమి. రాత్రులయందు మేడమెట్లు ఎక్కుచు దిగుచుండెనని తోడిపిల్లలు చెప్పిన, చురుకైన పిల్ల యనుకొంటిమి. ఎండకాలమునను శాలువ విడువకుండెను. ఋతుక్రమము నాలుగు మాసములనుండి తప్పినదని తెలిసియు, రక్తహీనతయని మాత్రలిప్పించితిమి. లావగుదునని ఆమె యెన్నడును అనలేదు. కడుపు నిండినట్లున్నదనియే చెప్పెడిది. ఇట్టి మాట చెప్పు రోగులను హాంకాంగులోను, మన దేశములోను వైద్యులు చూచి వ్రాసియున్నారు, మేమప్పటికి చదువలేదు. ఒకనాటి యుదయమున బారులో నిలిచియుండగా ఆమె మూర్ఛిల్లినపుడు గాని మాకు బోధపడలేదు. మా మెప్పే ఆ వ్యాధికి ఎరువైనది.

చికిత్సలో మొదటి యౌషధము అన్నమే. ఐనను తొందరపడి పెట్టరాదు. బహుదినములు పస్తున్న దేహమునకు ఒక్కసారిగా ఆహారము నెక్కించినచో, రక్తమునందలి ఫాస్ఫేటు మున్నగునవి పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున మిక్కిలి చిక్కినవారికి వైద్యుని యెదుటనే క్రమముగా హెచ్చింపవలెను. గల్ గారు ఒక విషయమున పొరబడిరి. ఇట్టి రోగులకు పరిచర్య చేయుటకు బంధుమిత్రులు తగనివారని వ్రాసిరి. లండనులోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు 1987లో ప్రకటించిన పరిశోధనలో, 19 ఏండ్లకు లోపల వ్యాధి మొదలై మూడేండ్లు దాటనివారికి, కుటుంబముతో గలిపి చేసిన చికిత్సయే ఒంటరిగా రోగితో మాటలాడు చికిత్సకంటె మేలని తేలెను. ఈ పద్ధతిలో పిల్ల యేమి తినవలెనో తలిదండ్రులే నిర్ణయింతురు. తిట్టరు, వాదింపరు, తప్పెవరిదని విచారింపరు. ముద్ద ముగియువఱకు ప్రక్కను కూర్చుందురు.

మేము చెప్పిన బాలిక తల్లి ఆఱు మాసములు కూలిపనికి పోక అట్లు కూర్చుండినది. దేహము ముందు కోలుకొనెను. భయము చాలకాలము వెనుకబడి నడచెను. కుమారి ఏ పటముల నడుమను నాలుగేండ్లున్నవి గదా. ఆ బాలిక యిప్పుడు మరల చదువుచున్నది. మొన్న క్రిస్మసు విందులో పులిహోర వడ్డించినపుడు కొంతసేపు విస్తరివంక చూచుచు నూరకుండెను. పిమ్మట తినెను.