సాలగ్రామములోని సముద్రజీవి

తెలుగువారి గృహములలో పలుచోట్ల పూజాపీఠముపై నల్లని సాలగ్రామ శిల యుండును. నేపాళమున ప్రవహించు కాళీగండకీ నదిలో ఇవి దొరకును. పగిలిన సాలగ్రామములు కొన్నింటిలో చుట్టలు చుట్టుకొన్న గుర్తు కానవచ్చును. భక్తులు దానిని విష్ణుచక్రమని కొలుతురు. భూగర్భశాస్త్రజ్ఞులు అమ్మోనైటు అందురు. ఈజిప్టువారి అమ్మోను దేవుని పొట్టేలు కొమ్ములను పోలియుండుటచే ఆ పేరు కలిగెను.

అమ్మోనైటు చూపునకు నత్తవలె నున్నను నత్త కాదు, ఆక్టోపసునకు చుట్టము. దాని చిప్పలో అడ్డుగోడలతో గదులు వరుసగా నుండెడివి. పెరిగిన కొలది ఆ ప్రాణి క్రొత్త గది కట్టుకొని అందులోనికి జరిగెడిది. విడిచిన గదులలో వాయువు నిండియుండుటచే నీట తేలగలిగెడిది. ప్రాణి చనిపోగా చిప్ప బురదలో కూరుకొనెను. బురద రాయి అయ్యెను. భారత భూఖండము ఆసియాను ఒత్తినప్పుడు ఆ సముద్రపు టడుగే హిమాలయములతో పైకి లేచెను.

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో వెదకినచో అమ్మోనైటు దొరకునా? భువనగిరి కొండవంటి గ్రానైటు శిలలలో వెదకుట వ్యర్థము; అవి భూగర్భమున కరగిన పదార్థము చల్లారి యేర్పడినవి. కాని వాడపల్లి, హుజూర్‌నగర్ ప్రాంతములలో సిమెంటునకై త్రవ్వుచున్న సున్నపురాయి సముద్రమున పేరుకొన్నదే. అమ్రాబాదు పీఠభూమి ఇసుకరాతిపై అలలు తీర్చిన ముడుతలు నేటికిని కలవు. అలల గుర్తు కలదు, పొరలు కలవు. అమ్మోనైటు మాత్రము లేదు!

ఆ శిలలు ఏర్పడునాటికి గట్టి చిప్పగల ప్రాణియే పుట్టలేదు. అట్టి ప్రాణులు సుమారు 54 కోట్ల ఏండ్ల క్రిందట విస్తరించినవి. అమ్మోనైటుల వంశము 40 కోట్ల ఏండ్ల క్రిందట మొదలై, డైనోసారులు నశించిన కాలముననే, 6.6 కోట్ల ఏండ్ల క్రిందట అంతరించెను. కావున వాడపల్లి రాతిలో చిప్ప లేకుండుట వెదకువాని దురదృష్టము కాదు. ఆ రాతి వయస్సునకు అదియే సాక్ష్యము.

తెలుగుదేశమున అమ్మోనైటులు కావలెనన్న ఒంగోలు ప్రాంతమునకు పోవలెను. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అక్కడి శిలలను పరిశీలించి 1879లో వివరించెను. వేమవరము, బూదవాడ గ్రామముల శిలలలో అమ్మోనైటుల ముద్రలు దొరకినవి. వేమవరపు పలుచని పలకరాతిలో చెట్ల ఆకుల ముద్రలును కలవు. ఆకు, సముద్రపు చిప్ప ఒకేచోట నుండుటచే నాడు తీరము దాపుననే యుండెనని తెలియుచున్నది.

ఇట్టి ముద్రలు సేకరించువారు తొందరపడి సుత్తితో మోదరాదు. పలకను మెల్లగా విడదీసి, రెండు ముక్కలను భద్రపరచి, ఏ ఊరు, ఏ పొర యను వివరము చీటిపై వ్రాసి వెంటనే అంటింపవలెను. చీటి లేని రాయి ఎంత అందమైనను దాని కథ సగము పోయినట్లే. బూదవాడ రాళ్ల జాడ వ్రాసియుండుటచేతనే, 1933లో స్పాత్ అను శాస్త్రజ్ఞుడు ఒక అమ్మోనైటు జాతికి ఆ ఊరి పేరు పెట్టగలిగెను.