కంపెనీ ఇంజిన్‌ను రేసుకు దించేముందు: చేయవలసినవి, చేయకూడనివి

కారు అమ్మేటప్పుడు కంపెనీ దాని ఇంజిన్‌కు ఒక హద్దు గీసి ఇస్తుంది. ఇన్ని ఆర్‌పీఎం, ఇంత వేడి, ఇంత కంప్రెషన్. ఆ హద్దు దాటనంత కాలం లక్ష కిలోమీటర్లయినా అది కిక్కురుమనదు. రేసు కోసం విప్పిన రోజే ఆ హద్దు చెరిగిపోతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఆగాల్సిన ఇంజిన్‌ను 8,500 దాకా తిప్పామనుకోండి. పెరిగిన వేగం నలభై శాతం చిల్లర. పిస్టన్‌నూ కనెక్టింగ్ రాడ్డునూ లాగే బలం మాత్రం రెండింతలవుతుంది, ఎందుకంటే అది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రేసు ఇంజిన్ జాగ్రత్తలు చాలావరకు ఈ లెక్కలోంచే పుట్టాయి. ఏ ముక్క విరిగితే ఎటు వస్తుంది, ఆ దారిలో ఎవరు నిలబడి ఉన్నారు అని స్టార్ట్ చేయకముందే చూసుకోవాలి.

మామూలు కారు ఇంజిన్‌తో రేసు కారు కట్టడం మనవాళ్లకు కొత్త కాదు. కోయంబత్తూరు మిల్లుల తెలుగు నాయుళ్ల కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1980లలో మారుతి 800 ఇంజిన్ పెట్టి ఫార్ములా మారుతి కార్లు తయారుచేశారు. నరేన్ కార్తికేయన్ ఆ కార్లు నడిపినవాడే. 2005లో ఫార్ములా వన్‌కు చేరాడు. 1995లో కరివర్ధన్ విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. 2022లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్‌లో పరుగెత్తిన వుల్ఫ్ కార్లలోనైతే ఉన్నది అప్రీలియా బైక్ ఇంజిన్: 1,100 సీసీ, 220 హార్స్‌పవర్.

బయటి దేశాల్లో అందరూ చెప్పుకునేది బీఎండబ్ల్యూ కథ. 1962లో రోడ్డు కారు కోసం పోతపోసిన ఇనుప బ్లాకు, 80 హార్స్‌పవర్ ఇచ్చేది. అదే బ్లాకుకు టర్బో తగిలించి 1983లో నెల్సన్ పికేను ఫార్ములా వన్ ప్రపంచ విజేతను చేశారు. తర్వాత క్వాలిఫైయింగ్ కోసం కట్టిన ఇంజిన్లు వెయ్యికి పైగా హార్స్‌పవర్ ఇచ్చేవి, కొద్ది ల్యాపులకే చచ్చిపోయేవి. వాళ్లకు అది చెల్లింది. వెనక మరో ఇంజిన్ సిద్ధంగా ఉండేది, ముందు టెస్టు గది గోడ ఉండేది. తెలంగాణలోని మహదేవపూర్, కాటారం, భూపాలపల్లి షెడ్లలో మన ముందుండేది రేకు. రోజూ ఇసుక లారీలు, ట్రాక్టర్లు, బొలేరోలు బాగుచేసే చేతులు ఈ పనికీ పనికొస్తాయి. సెలవులకు ఊరొచ్చిన ఇంజినీరింగ్ పిల్లలూ తమ ఫార్ములా కారు ఇంజిన్‌ను అక్కడే విప్పాలనుకోవచ్చు. అలాంటివాళ్ల కోసమే ఈ మాటలు.

విప్పేటప్పుడు, బిగించేటప్పుడు

కనెక్టింగ్ రాడ్ బోల్టులు విప్పారంటే పారేయండి. ఈ రోజుల్లో చాలా కంపెనీలు వాడేవి ఒకసారి బిగిస్తే కొద్దిగా సాగే రకం. రెండోసారి బిగిస్తే ఎంత బలం మిగిలిందో చూపుతో తేలదు. కొత్తవి వేసి టార్క్ రెంచితో, యాంగిల్ గేజితో బిగించండి. "చేతికి తెలుస్తది" అనే మిస్త్రీ మాట ట్రాక్టర్ దగ్గర నడుస్తుంది, ఇక్కడ నడవదు. రాడ్లను, క్రాంకును పగుళ్ల పరీక్ష చేయించకుండా తిరిగి వేయకండి.

ఫ్లైవీల్ దగ్గర కాస్త ఆగి చెప్పాలి, అతి సులువుగా చేసే తప్పు అక్కడే. బరువు తగ్గితే ఇంజిన్ చురుగ్గా తిరుగుతుందని కంపెనీ పోత ఇనుము ఫ్లైవీల్‌ను లేత్ మీద పెట్టి పల్చగా చెక్కిస్తారు. లేత్ పని చౌక, గంటలో అయిపోతుంది. కానీ పోత ఇనుము సాగదు, ఒక్కసారిగా ముక్కలవుతుంది. రేసు వేగంలో పగిలిన ఫ్లైవీల్ ముక్కలు బెల్ హౌసింగ్‌ను చీల్చుకుని వస్తాయి. డ్రైవర్ పాదాలు ఉండేది దాని పక్కనే. వేగం పెంచే ఇంజిన్‌కు స్టీల్ ఫ్లైవీల్ వేయించండి, బెల్ హౌసింగ్ చుట్టూ ముక్కలను ఆపే స్కాటర్ షీల్డ్ పెట్టించండి. డబ్బు చాలకపోతే టర్బోను వాయిదా వేయండి, వీటిని మాత్రం వాయిదా వేయకండి.

బ్రేక్ క్లీనర్‌తో కడిగిన భాగాన్ని తడిగా వెల్డింగ్‌కు తీసుకెళ్లకండి. కొన్ని క్లీనర్లలో క్లోరిన్ ద్రావకాలుంటాయి. వెల్డింగ్ వేడికి వాటినుంచి ఫాస్‌జీన్ పుడుతుంది, ఒకప్పుడు యుద్ధాల్లో వాడిన విషవాయువు అదే. డబ్బా మీద చదివి క్లోరిన్ లేనిదే కొనండి.

కొన్ని కవర్లు, రేసు భాగాలు మెగ్నీషియంతో చేస్తారు. దాని పొట్టు అంటుకుంటే నీళ్లు పోయకండి. నీళ్లు హైడ్రోజన్‌ను పుట్టించి మంటను ఎగదోస్తాయి. ఎండిన ఇసుకతో కప్పాలి. గోదావరి పక్కన ఇసుకకు కొదవ లేదు, కానీ రేవునుంచి నేరుగా తెచ్చిన తడి ఇసుక నీళ్లంత ప్రమాదం. బాగా ఎండబెట్టి మూత ఉన్న డ్రమ్ములో దాచండి.

పెట్రోలు, ఒత్తిడి, ఎండ

నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజిన్లలో పైపు ఒత్తిడి 200 బార్ దాటుతుంది. డీజిల్ కామన్ రైలులో అది వెయ్యి బార్‌కు పైమాటే. ఆ పైపు ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడకండి. సూదిలాంటి ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైన చిన్న చుక్కంత గుర్తే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు, కట్టు కట్టుకుని పనిలో పడిపోతారు. కొన్ని గంటల్లో చెయ్యి వాచి, చూస్తూ కూర్చుంటే వేలు తీసేసేదాకా వస్తుంది. ఇది ఆపరేషన్ థియేటర్ కేసు. మహదేవపూర్ నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు; వాపు కోసం ఎదురుచూడకుండా వెంటనే బయల్దేరండి. "ప్రెషర్‌తో ఆయిల్ లోపలికి పోయింది" అని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి. కారుతున్న చోటు వెతకడానికి అట్టముక్క చాలు.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, షెడ్డు గుంతలోకి దిగి కూర్చుంటుంది. గుంతలో మనిషి, పైన తెరిచిన పెట్రోలు పైపు రెండూ ఒకేసారి ఉండకూడదు. బ్యాటరీ తీగ విప్పాకే ఇంధనం జోలికి వెళ్లండి. మంటలార్పే సిలిండర్ తలుపు దగ్గర ఉండాలి. ఇంజిన్ పక్కన పెడితే మంట లేచినప్పుడు దాని దగ్గరికి ఎవరూ వెళ్లలేరు. మెథనాల్ వాడే పోటీలైతే మరో చిక్కు: దాని మంట పట్టపగలు కంటికి కనబడదు, మనిషి ఉత్తినే గంతులేస్తున్నాడు అనుకుంటాం. అక్కడ నీళ్ల బకెట్లు పెట్టుకోండి, మెథనాల్ నీళ్లలో కలుస్తుంది.

నైట్రస్ సిలిండర్ గురించి మన వాతావరణంలో ప్రత్యేకంగా చెప్పాలి. నైట్రస్ ఆక్సైడ్ 36.4 డిగ్రీల వరకే ద్రవంగా నిలుస్తుంది. అది దాటితే సిలిండర్‌లో ఒత్తిడి చకచకా ఎక్కుతుంది. మే నెలలో గోదావరి ఒడ్డున పదకొండు గంటలకే ఆ హద్దు దాటిపోతుంది, రేకుల షెడ్డులోనో అద్దాలు మూసిన కారులోనో ఇంకా ముందే. సిలిండర్‌ను ఎండలో వదలకండి. ప్రెషర్ తగ్గిందని గ్యాస్ మంటతో వేడి చేసేవాళ్లను షెడ్డులోంచి పంపించేయండి. సిలిండర్‌కున్న సేఫ్టీ డిస్కును మార్చకండి, మూయకండి.

డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద

ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఫ్లైవీల్‌కు, షాఫ్టుకు, బెల్టులకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ముక్క ఊడితే ఎగిరేది తిరుగుడు వైపే. ముందుకో వెనక్కో, దూరంగా, గోడ చాటున ఉండండి. ఇంధనం, ఇగ్నిషన్ రెండూ ఒకే దెబ్బకు ఆపే స్విచ్ గది బయట పెట్టించండి, దాని దగ్గర ఒక మనిషి ఫోన్ చూడకుండా నిలబడాలి. మెడలో తువ్వాల, చేతికి కడియం, ఉంగరం వద్దు. కాళేశ్వరం గుడిలో కట్టించుకున్న దారమైనా సరే తీసి జేబులో పెట్టుకోండి. చెవులకు మఫ్‌లు పెట్టుకోండి. సైలెన్సర్ పొగను పైపుతో బయటికి వదలండి. వాన పడుతోందని షట్టర్ దించి ఇంజిన్ నడపకండి: కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి మొదలయ్యేసరికే ఆలస్యమవుతుంది.

పవర్‌ను మెట్లు మెట్లుగా పెంచండి, ప్రతి మెట్టు దగ్గరా ఆయిల్ ప్రెషర్, ఎగ్జాస్ట్ వేడి రాసుకోండి. తెల్లవారుజామున చల్లగాలిలో సెట్ చేసిన ఇగ్నిషన్ టైమింగ్‌తో మధ్యాహ్నం పూర్తి థ్రాటిల్ వేయకండి. లోపలికి పోయే గాలి వేడెక్కితే నాకింగ్ మొదలవుతుంది, టర్బో ఉంటే కొన్ని సెకన్లలోనే పిస్టన్‌కు చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి దిగిన మంట క్రాంక్‌కేసు ఆయిల్‌ను బయటికి ఊదుతుంది, పక్కనే ఎర్రగా కాలిన టర్బో ఉంటుంది. అందుకే టర్బో ఆయిల్ పైపుకు మంటను ఆపే తొడుగు వేయాలి, బ్రీదర్‌కు క్యాచ్ ట్యాంక్ పెట్టాలి. ఆగిన వెంటనే రేడియేటర్ మూత తీయకండి. కాలినచోట ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు పోయండి. పేస్టు, సిరా, పసుపు వద్దు.

రోడ్డు మీద వద్దు

"కాళేశ్వరం దాకా ఒక్క రౌండ్ వేసి చూద్దాం" అనిపిస్తుంది. ఆ రోడ్డు మీద ఇసుక లారీ మలుపులో ఆగి ఉండొచ్చు, భక్తుల ఆటో అడ్డం రావొచ్చు. కారును ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత యజమానికి మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. రోడ్డు మీద పందేలకు 189వ సెక్షన్ వేరే ఉంది. మామూలు ఇన్సూరెన్సు పాలసీ రేసింగ్‌కూ స్పీడ్ టెస్టింగ్‌కూ వర్తించదు, ఎవరికైనా తగిలితే భారం ఇంటిమీద పడుతుంది.

పరీక్ష ట్రాక్ మీదే చేయండి, కారును అక్కడికి ట్రక్కు మీద తీసుకెళ్లండి. ట్యాంకులో పెట్రోలు తీసేయండి, బ్యాటరీ తీగ విప్పండి, కారును గేరులో పెట్టి నాలుగు చక్రాలకూ విడివిడిగా పట్టీలు కట్టండి. నైట్రస్ సిలిండర్‌ను క్యాబిన్‌లో పెట్టకండి. బయల్దేరాక కాసేపటికే చక్రాల కింద బరువు సర్దుకుని పట్టీలు వదులవుతాయి, కాటారం చేరేలోపే ఒకసారి ఆగి మళ్లీ బిగించండి.