పోగు మాటలు: ఇంగ్లీషులో, చెక్ భాషలో, మన మగ్గం మీద

బి.ఎస్సీ. చదివేవాడికి చెక్ భాషతో ఏం పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. రెండేళ్ల కిందటి దాకా అలాంటి భాష ఒకటుందనే నాకు తెలియదు. మనం తొడుక్కునే బాటా చెప్పుల కంపెనీ 1894లో జ్లీన్ అనే చెక్ ఊళ్లో పుట్టిందని గాని, హైదరాబాదు పక్కన రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం 1960ల్లో చెకొస్లొవేకియా సాయంతో లేచిందని గాని ఎరగను. ఆ దేశం 1993లో రెండుగా విడిపోయింది. చెక్ భాష మాట్లాడేవారి భాగం ఈనాటి చెక్ రిపబ్లిక్.

మా మేనమామ ఒక నూలుమిల్లులో ఫిట్టరు. అక్కడి మిషన్లలో కొన్ని ఆ దేశంలో తయారైనవి. వాటితో వచ్చిన పుస్తకంలో ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క చెక్. సంక్రాంతి సెలవుల్లో ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు నూనె మరకలు పడ్డ ఆ పుస్తకంలోంచి కొన్ని మాటలు నా రఫ్ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. తరవాత నిఘంటువులు తిరగేశాను. మూడో గడి గీసి అందులో తెలుగు మాట రాయడం మొదలుపెట్టాను.

ఎందుకింత శ్రమ అంటే ఒక సంగతి చెప్పాలి. మాది పత్తి వేసే ఇల్లు. ఒక ఏడు నాన్న, నేను పత్తి బోరాలు వేసుకుని అమ్మకానికి వెళ్లాం. కొనేవాడు బోరంలో చెయ్యిపెట్టి గుప్పెడు పత్తి తీసి, రెండు వేళ్లతో పింజ లాగి చూసి, "మైక్ తక్కువగా ఉందయ్యా" అని రేటు తగ్గించాడు. నాన్న నా వంక చూశాడు. "మైకేందిరా, మనకెందుకు మైకు?" అన్నాడు. నాకూ తెలియదు. ఇద్దరం ఊరుకున్నాం, ఆ రేటుకే ఇచ్చి వచ్చాం. ఆ మాట "మైక్రోనేర్" అని, దాన్ని వేళ్లతో చెప్పడం కుదరదని కాలేజీకి వచ్చాకే తెలిసింది. తూచిన దూదిని ఒక చిన్న గదిలో కుక్కి దాని గుండా గాలి పంపుతారు. పోగులు సన్నగానో, ముదరకుండానో ఉంటే గాలి దూరడం కష్టమై అంకె తగ్గుతుంది. దానికి పరికరం కావాలి. ఆ రోజు అక్కడ పరికరమేదీ లేదు. ఒక్క మాట తెలియక ఒక ఏడాది పత్తి మీద డబ్బు పోగొట్టుకున్నాం. అప్పటినుంచి మాటలంటే నాకు భయమూ పట్టుకుంది, పట్టుదలా పట్టుకుంది.

ఇహ మాటల్లోకి వద్దాం. ఇంగ్లీషులో "ఫైబర్", "యార్న్", "థ్రెడ్" మూడు వేరు వేరు. చెక్‌లో "వ్లాక్నొ", "ప్ర్షీజె", "నిత్". మనకూ మూడున్నాయి: పోగు, నూలు, దారం. పత్తికాయలో ఉన్నది పోగు, వడికితే నూలు, రెండు మూడు పేటలు కలిపి పురిపెట్టి కుట్టుకు తయారుచేస్తే దారం. మూడు భాషలవాళ్లూ ఒకే చోట గీత గీశారంటే పని ఎక్కడైనా ఒకటే గదా. కాని మాట పుట్టిన తావు వేరు. "థ్రెడ్" అంటే మూలంలో పురిపెట్టినది. "యార్న్" మూలార్థం పేగు. పేగుతో తీగలు పేనిన కాలం నాటి మాట అది. "ప్ర్షీజె" అంటే వడికినది, "ప్ర్షీస్త్" అంటే వడకడం. "నిత్"కి ఇంగ్లీషు "థ్రెడ్"తో చుట్టరికం లేదు, "నీడిల్"తో ఉంది. చెక్ దారమూ ఇంగ్లీషు సూదీ ఒకే ధాతువు బిడ్డలన్నమాట. మన "నూలు"కి తోబుట్టువైన తమిళ "నూల్"కి దారం, పుస్తకం అని రెండర్థాలు.

మా పంట మాటకొస్తే, ఇంగ్లీషు "కాటన్" అరబ్బుల "ఖుత్న్" నుంచి వచ్చింది. చలిదేశపు జర్మన్లు పత్తి చెట్టును చూడకముందే దూదిని చూసి, ఇది చెట్టుకు కాసే ఉన్ని కాబోలనుకుని "బౌమ్‌వొల్లె" అన్నారు. అనగా చెట్టు ఉన్ని. చెక్‌వాళ్లు దాన్ని తమ నోటికి తిప్పుకుని "బవ్ల్న" చేశారు. చివరనున్న "వ్ల్న" అంటే వాళ్ల భాషలో ఉన్ని. ఆ మాటలో అచ్చు ఎక్కడుందని అడక్కండి. "ల్" శబ్దమే అక్కడ అచ్చు. మన అక్షరమాలలో ఎవరూ వాడని ఌ కారాన్ని చూసి చిన్నప్పుడు విసుక్కున్నాను గాని, చెక్‌వాళ్లు దాన్ని రోజూ పలుకుతున్నారు. ఆ "వ్ల్న", ఇంగ్లీషు "వుల్", సంస్కృతపు "ఊర్ణ" ఒకే కుటుంబం. ఊర్ణ ప్రాకృతంలో ఉణ్ణ అయి, మన ఇంట్లోకి ఉన్నిగా వచ్చింది. సాలెపురుగుని ఊర్ణనాభి అనడం జువాలజీ మిత్రులకు తెలిసే ఉంటుంది.

భౌతికశాస్త్రం చదివేవారికి ఇక్కడో తమాషా. చెక్‌లో అలను కూడా "వ్ల్న" అనే అంటారు. తరంగదైర్ఘ్యం "వ్ల్నొవా దేల్క". ఉన్నికీ అలకూ పుట్టుక వేరు, రూపం మాత్రం ఒకటైంది.

నిజంగా నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం, మగ్గం మాటలు లేబొరేటరీలోకి నడిచిపోవడం. నేతగాడి కండె చెక్‌లో "త్సీఫ్క". మొదటి అక్షరాన్ని మన "చలి"లోని చకారంలాగే పలకాలి. ఫిజిక్సులో కరెంటు పారించే తీగచుట్ట, ఇంగ్లీషు "కాయిల్", అదీ "త్సీఫ్కే". పడుగు "ఒస్నొవ". బడుల పాఠ్యప్రణాళిక, అంటే మన సిలబస్, ఆ మాటతోనే "ఉచెబ్నీ ఒస్నొవి". పడుగు వేశాకే గదా నేత! నేయడం "త్కాత్", గుడ్డ "త్కనిన", జంతువుల ఒంట్లోని కణజాలం "త్కాఞ్". ఇంగ్లీషులో "టిష్యూ", "టెక్స్‌టైల్", "టెక్స్‌ట్" మూడూ నేయడమనే లాటిన్ మాట నుంచి వచ్చినవే, కాని లాటిన్ రాని ఇంగ్లీషు పిల్లవాడికి ఆ పోగు కనబడదు. చెక్ పిల్లవాడికి కనబడుతుంది.

అన్నిటికన్నా విచిత్రం "లాత్క". బజారులో గజాల లెక్కన కొనేది లాత్క, కెమిస్ట్రీలో పదార్థమూ లాత్కే. మోల్ పాఠంలో మనం పదార్థ పరిమాణం అనేదాన్ని వాళ్లు "లాత్కొవే మ్నొష్‌స్త్వీ" అంటారు. మాటకు మాట పెడితే "గుడ్డ పరిమాణం" అని నవ్వొస్తుంది. నవ్వుకున్నాక ఆలోచించాను. ఇది పొరపాటున జరిగింది కాదు. ఆస్ట్రియా చక్రవర్తుల కాలంలో అక్కడ పై చదువు జర్మన్‌లో ఉండేది, చెక్ పల్లెటూరి భాషగా మిగిలింది. యోసెఫ్ యుంగ్‌మన్ 1834 నుంచి 1839 దాకా ఐదు సంపుటాల చెక్-జర్మన్ నిఘంటువు వేశాడు. యాన్ స్వతొప్లుక్ ప్రెస్ల్, అతని తోటివారు రసాయనశాస్త్రానికి మాటలు కట్టారు. నీటి మాట "వొద" నుంచి హైడ్రోజన్‌కి "వొదీక్", పులుపు మాట నుంచి ఆక్సిజన్‌కి "కిస్లీక్". మన పాత పాఠ్యపుస్తకాల్లో ఉదజని, ఆమ్లజని ఉండేవి, గుర్తుందా? అదే దారి. 1882లో ప్రాగ్ విశ్వవిద్యాలయం జర్మన్, చెక్ శాఖలుగా చీలే నాటికి సైన్సు చెప్పడానికి మాటలు సిద్ధంగా ఉన్నాయి.

మనవాళ్లు ఊరుకున్నారా అంటే, లేదు. సూత్రం అంటే దారం, మంగళసూత్రంలో ఉన్నదే అది. లెక్కల సూత్రమూ అదే. పటం అంటే గుడ్డ. గుడ్డ మీద బొమ్మ గీసి గీసి ఇండియా పటం దాకా వచ్చింది. కాకపోతే తెలుగు మీడియం నుంచి వచ్చిన నాబోటివాడు మొదటి సంవత్సరం లాబులో "కాయిల్ వైండింగ్" అనగానే బిక్కచచ్చిపోయాడు. కండెకు నూలు చుట్టడమే అది, చుట్లు లెక్కపెట్టడమే తేడా అని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. పైగా మా ఇంట్లో కండె అంటే మొక్కజొన్నది!

గుడ్డల పేర్లు త్వరగా చూద్దాం. ఇంగ్లీషు "కాలికో" మన కాలికట్ రేవు పేరు. "కార్డురాయ్"ని చెక్‌వాళ్లు "మన్షెస్త్ర్" అంటారు, అది మాంచెస్టర్ ఊరే. పట్టు "హెద్వాబీ", దేవుడి నేత అనే పాత జర్మన్ మాట నుంచి వచ్చింది. ముఖమల్ "సమెత్". 1989లో రక్తం చిందకుండా ప్రభుత్వం మారితే దాన్ని ముఖమల్ విప్లవమన్నారు. నార గుడ్డ "ప్లాత్నొ", డబ్బు చెల్లించడం "ప్లతిత్". సుమారు 965లో ఇబ్రహీం ఇబ్న్ యాకూబ్ అనే యాత్రికుడు ప్రాగ్ వెళ్లి, అక్కడ పల్చని గుడ్డపేలికలు డబ్బుగా చెలామణి అవుతున్నాయని రాశాడు. గుడ్డకూ చెల్లింపుకూ మాట కలిసింది అందుకేనంటారు.

కొత్త పోగులకూ వాళ్లు సొంత పేరే పెట్టుకున్నారు. అమెరికాలో కరోథర్స్ 1935లో నైలాన్ చేశాడు. 1939 నవంబరులో నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలను మూసేస్తే, ఒట్టొ విఖ్టెర్లె అనే యువ రసాయనవేత్త జ్లీన్‌లోని బాటా ప్రయోగశాలలో చేరాడు. చెప్పుల కంపెనీలో కూర్చుని, కాప్రోలాక్టమ్ వలయాన్ని తెరిచి గొలుసుగా పేర్చే పద్ధతిలో 1941 నాటికి పోగు తీశాడు. దాని పేరు "సిలొన్". ఆడవాళ్ల నైలాన్ మేజోళ్లను అక్కడ ఇప్పటికీ "సిలొన్కి" అంటారు. మెత్తని కాంటాక్ట్ లెన్సు కనిపెట్టినవాడూ ఈయనే.

ఇహ మామయ్య మిషను. కదురు మీద వడికేటప్పుడు ఒక్కొక్క పురికీ నూలు చుట్టిన కండె మొత్తం ఒక్కసారి తిరగాలి. బరువు తిరగాలంటే కరెంటు ఖర్చు, వేగానికీ ఒక హద్దు. చెక్ దేశంలో ఊస్తీ నద్ ఒర్లిత్సీ అనే ఊళ్లో ఈ చిక్కు విప్పి, 1967లో బి.డి. 200 అనే మిషనును మిల్లులో పెట్టారు. పళ్ల రోలరు ఏకును దువ్వి పోగు పోగుగా విడదీస్తుంది, గాలి వాటిని ఒక చిన్న గిన్నెలోకి లాక్కుపోతుంది. గిన్నె నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే పోగులు అంచు గాడిలో అంటుకుంటాయి. బయటినుంచి దింపిన నూలు కొస వాటిని అందుకుని పురిపడుతూ పైకి వస్తుంది. ఇక్కడ తిరిగేది గిన్నె ఒక్కటే. ఇంగ్లీషువాళ్లు దీన్ని "ఓపెన్ ఎండ్" అన్నారు, పోగుల ధార మధ్యలో తెగి కొస విడిగా ఉంటుంది గనక. చెక్ పేరు "బెజ్‌వ్ర్ఝెతెనొవే", అంటే కదురు లేనిది. ఒకరు ఉన్నదాన్ని చూసి పేరు పెట్టారు, ఇంకొకరు లేనిదాన్ని చూసి. ఆ కదురు మాట "వ్ర్ఝెతెనొ"కి మన "వర్తులం"తో చుట్టరికం.

మూడో గడి నింపడానికి మంగళగిరిలో మా చిన్నమ్మ ఇంటి పక్కనున్న నేత తాత దగ్గర రెండు పూటలు కూర్చున్నాను. పడుగు, పేక, ఆసు, అచ్చు, నాడె, చిలప ఆయన చెప్తుంటే రాసుకున్నాను. "నీకెందుకు నాయనా, మా పిల్లలే అడగటం లేదు" అన్నాడు. "ఓపెన్ ఎండ్" ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చూపిస్తే చాలాసేపు చూసి, "కదురు లేకుండా పురెట్లా పడుద్ది?" అన్నాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఈసారి తలూపాడు. పేరేమన్నా చెప్పండి తాతా అంటే, "కదురు లేని రాట్నం అనుకో" అన్నాడు. ఆయనకు చెక్ రాదు.

అదే రాసుకున్నాను. "మైక్రోనేర్" పక్కన గడి ఇంకా ఖాళీగానే ఉంది. నాన్న రెండుసార్లు అడిగాడు. మన కాలేజీలో నేత ఇళ్ల నుంచి, పత్తి ఊళ్ల నుంచి వచ్చినవారు, పాత విద్యార్థుల్లో మిల్లుల్లో పనిచేసేవారు ఎవరికైనా దానికి తగిన మాట తడితే, యూనియన్ గదిలో నా పేర చీటీ పెట్టండి.