పొట్టేలు మారితే మంద బాగుపడుతుంది



ఈ నెల గోడపత్రికకు గొర్రెల పాఠం రాస్తున్నాను. మనలో చాలామందికి ఇంటి దగ్గర గొర్రెలు ఉన్నాయి. సెలవులకు వెళ్తే కాసేది మనమే. కానీ ఏ గొర్రెను ఏ పొట్టేలు దాటింది అన్నది ఎవరమూ చూడం. నేనూ చూడలేదు.

మా మందలో జరిగింది

మాది సీతంపేట ఏజెన్సీలో కొండ ఊరు. మాకు 12 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు. ఆ పొట్టేలు అమ్మోరికి మొక్కినది. అమ్మకూడదు, మార్చకూడదు. పండగకి డబ్బు చాలక మొక్కు వాయిదా పడుతూ వచ్చింది. పొట్టేలు 5 ఏళ్లు మందలోనే ఉండిపోయింది.

పోయిన ఏడాది 11 పిల్లలు పుడితే 5 చచ్చిపోయేయి. కొన్ని లేచి పాలు కూడా తాగలేకపోయేయి. దిష్టి తగిలిందంది మా అమ్మ. నేను నోట్సులో ఒక్కొక్క గొర్రెకి తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని రాసేను. 12లో 7 ఆ పొట్టేలు కూతుళ్లే! చచ్చిన 5 పిల్లల్లో 4 ఆ కూతుళ్లకి పుట్టినవే.

ఎందుకిలా?

పిల్లకి సగం గుణాలు తల్లివి, సగం తండ్రివి. ఇది మెండల్ పాఠంలో చదివేం. చెడ్డ గుణం ఒకవైపు నుంచే వస్తే చాలాసార్లు పైకి కనబడదు, దాగి ఉంటుంది. తండ్రినీ కూతురినీ కలిపితే అదే గుణం రెండువైపుల నుంచీ పిల్లకి రావచ్చు. అప్పుడు బయటపడుతుంది. పిల్ల బలహీనంగా పుడుతుంది.

వేరే జాతి పొట్టేలును కలిపితే దీనికి ఎదురు జరుగుతుంది. మొదటి తరం పిల్లలు తరచుగా గట్టిగా ఉంటాయి. దీన్ని సంకర బలం అంటారు. ఆస్ట్రేలియా రైతులు మంచి ఉన్ని ఇచ్చే మెరీనో గొర్రెకి బోర్డర్ లీసెస్టర్ పొట్టేలును కలుపుతారు. పుట్టిన ఆడపిల్ల పెరిగి పాలు బాగా ఇస్తుంది, పిల్లల్ని బాగా పెంచుతుంది, ఉన్నీ ఇస్తుంది. దానికి మాంసం జాతి డార్సెట్ పొట్టేలును కలిపి, ఆ పిల్లల్ని మాంసానికి అమ్ముతారు.

మనకి ఏది పనికొస్తుంది?

మన వైపు గొర్రెలకి ఉన్ని లేదు, బొచ్చే. గొంగళి నేసే ఉన్ని తెలంగాణ, రాయలసీమల దక్కని గొర్రెది. మన దేశంలో బాగా ఎత్తైన నెల్లూరు జాతికీ (పల్ల, జోడిపి, బ్రౌన్) ఉన్ని లేదు. కాబట్టి మనకి లాభం బతికిన పిల్లల లెక్కే.

1970లలో చిత్తూరు జిల్లా పలమనేరులో నెల్లూరు గొర్రెలకి డార్సెట్, సఫోక్ అనే విదేశీ పొట్టేళ్లను కలిపి చూసేరు. తర్వాత అక్కడ నెల్లూరు జాతిలోనే మంచి పొట్టేళ్లను ఎంచే పని సాగింది.

ఇంకో వింత. బెంగాల్ సుందరవనాల గరోల్ గొర్రె చిన్నదే, కాని కవలల్ని ఈనుతుంది. ఒక్క జన్యువు వల్ల ఇది జరుగుతుంది. మహారాష్ట్ర ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థ వారు ఆ జన్యువును దక్కని గొర్రెలోకి తెచ్చి నారి సువర్ణ అనే రకాన్ని తయారు చేసేరు. మన పక్క ఒడిశాలోని కేంద్రపడ గొర్రెలో కూడా ఆ జన్యువు ఉంది. అయితే కవలలు పుడితే చాలదు, తల్లికి పాలుండాలి, మేత ఉండాలి.

గుర్తుంచుకోవలసినవి

1. రెండేళ్లకి ఒకసారి పొట్టేలును మార్చాలి. కూతుళ్లు ఎదకి రాకముందే మార్చాలి.
2. 25–30 గొర్రెలకి ఒక పొట్టేలు చాలు.
3. పొట్టేలును కొనేటప్పుడు దాని తల్లిని చూడాలి. పాలెన్ని, బతికిన పిల్లలెన్ని అని అడగాలి.
4. చూడి సుమారు 5 నెలలు. ఆఖరి నెలన్నర తల్లికి మేత ఎక్కువ పెట్టాలి.
5. పుట్టిన గంటలోపు పిల్లకి జున్నుపాలు తాగించాలి.

తాత ఏమన్నాడు?

వేసవి సెలవుల్లో నా నోట్సు చదివి వినిపించేను. "ఏట్రా, సదువుకొని ఒచ్చి అమ్మోరి పొట్టేలు మీద పడ్డావు?" అన్నాడు తాత.

"పొట్టేలుని మొక్కేం గాని దాని కూతుళ్లని దానికే కట్టమని అమ్మోరు అడగలేదు కదా తాతా" అన్నాను.

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గోనె తే" అన్నాడు. పొట్టేలు పొట్ట కింద గోనెగుడ్డ కట్టి, దాటకుండా చేసేం. మొక్కు మొక్కులాగే ఉంది. గుణుపూర్ వైపు ఉన్న మా మామ దగ్గర్నుంచి ఇంకో పొట్టేలును తెచ్చేం.

దసరాకి వెళ్లి చూస్తే 9 గొర్రెలు చూడితో ఉన్నాయి. సంక్రాంతికి ఈనడం అయిపోతుంది. ఎన్ని పుట్టేయో, ఎన్ని బతికేయో ఇదే గోడ మీద రాస్తాను. మీరూ ఈ సెలవుల్లో మీ మంద లెక్క రాసి తెండి.