దారి అడిగి బస్సెక్కు

చి. బుజ్జికి,

  

నువ్వు అమీర్‌పేట హాస్టల్ నుంచి కొండాపూర్ ఆఫీసుకి రోజూ బైక్ ట్యాక్సీ మీద పోతున్నావనీ, బస్సంటే జంకుతున్నావనీ మీ నాన్న మొన్న ఫోన్లో చెప్పాడు. ఏది ఎక్కాలో తెలియదు, ఎక్కితే ఎక్కడ దింపుతుందో తెలియదు, ఆ జనంలో ఊపిరాడదు అన్నావట. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు గనక కాగితం తీసుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ ఊరి సిటీ బస్సుల్లో టికెట్ మిషన్ మెడలో వేసుకుని తిరిగినదాన్ని. నా మేనకోడలు అదే ఊళ్ళో బస్సుకి భయపడుతోందంటే నా మనసు ఊరుకోదు.

డబ్బు సంగతి తర్వాత చెప్తాను. బైక్ ట్యాక్సీ ఎక్కినప్పుడు దారి నడిపేవాడికి తెలుస్తుంది, నువ్వు ఫోను చూసుకుంటూ పోయి దిగుతావు. ఏడాది అలా తిరిగినా మాదాపూర్ నుంచి యూసుఫ్‌గూడ ఎటువైపో చెప్పలేవు. వానకి బండ్లు దొరకని సాయంత్రం, రేటు రెండింతలు చూపించిన సాయంత్రం, ఫోను చచ్చిపోయిన సాయంత్రం ఏం చేస్తావు? బస్సుల్లో తిరిగిన పిల్లకి ఒకటి రాకపోతే ఇంకోటి ఎటునుంచి వస్తుందో తెలిసి ఉంటుంది. ఆ ధీమా నీకు రావాలని నా కోరిక. అది వస్తే హైదరాబాద్‌లో నువ్వు ఎవరిమీదా ఆధారపడక్కర్లేదు.

ముందు నంబర్ల సంగతి. కొత్తవాళ్ళంతా నంబరు బట్టీపట్టి స్టాప్‌లో నిలబడతారు, అది రాకపోతే గంటసేపు అలాగే నిలబడతారు. నంబరు కంటే బోర్డు మీద 'వయా' అని రాసే ఊళ్ళ పేర్లు ముఖ్యం. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నానికి 49ఎం పోతుంది, 5కె పోతుంది. రెండూ చేరేది ఒకేచోటికి. 49ఎం బేగంపేట, పంజాగుట్ట పట్టుకుని పోతుంది, 5కె ట్యాంక్‌బండ్, లకడీకాపూల్ తిరిగి పోతుంది. పంజాగుట్టలో దిగాల్సిన మనిషి మెహిదీపట్నం అన్న ఒక్క పేరు చూసి 5కె ఎక్కితే హుస్సేన్‌సాగర్ గట్టు మీద తేలుతుంది. నంబరు చివరి అక్షరం కొంత సాయం చేస్తుంది. 49ఎం, 113ఎం, 65ఎం మూడూ మెహిదీపట్నం బస్సులే, 127కె కోఠి నుంచి కొండాపూర్ పోతుంది. అయితే ఆ లెక్కన 5కె కూడా కొండాపూర్ పోతుందనుకోకు. అక్షరం చూసి ఊహించుకోవడం కంటే బస్సు ఆగగానే తలుపు దగ్గర అడగడం మేలు.

అడిగే తీరు ఒకటుంది. "ఈ బస్సు ఎక్కడికి పోతుంది?" అని అడిగితే కండక్టర్ చివరి స్టాప్ పేరు చెప్పి రైట్ కొట్టేస్తాడు. "యూసుఫ్‌గూడ మీదుగా పోతదా?" అని దారి పట్టి అడుగు. అవునో కాదో ఒక్కమాటలో వస్తుంది. స్టాప్‌లో అయితే ఫోను పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళని కాదు, పూలమ్మే ఆమెని, పాన్ డబ్బా ఆయన్ని అడుగు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ రోడ్డు మీద పోయే ప్రతి బస్సూ వాళ్ళ కళ్ళముందునుంచే పోతుంది. పెద్ద బస్టాండుల్లో కంట్రోలర్ ఉంటారు, ఫలానా బండి బయలుదేరిందా లేదా అన్నది ఖాయంగా చెప్పేది వాళ్ళే. ఆర్టీసీ వాళ్ళ గమ్యం యాప్ ఫోన్లో పెట్టుకో, పనికొస్తుంది. దాన్ని చూసుకుంటూనే నోటితోనూ అడుగు.

ఇంకో చిక్కు స్టాపులది. కోఠి అంటే ఒక స్టాప్ కాదు. ఉమెన్స్ కాలేజీ దగ్గర ఒక దిక్కు బస్సులు, సుల్తాన్‌బజార్ వైపు ఇంకో దిక్కువి. సికింద్రాబాద్ స్టేషన్ ముందూ అంతే, రేతిఫైల్ ఒకటి, గురుద్వారా ఒకటి, కాస్త నడిస్తే చిలకలగూడ. మీ అమీర్‌పేటలోనూ దిగినచోటికి ఎదురుగానే తిరుగు బస్సు దొరుకుతుందనుకోవద్దు. మెట్రో స్తంభాలు, యూటర్నులు వచ్చాక పోయే స్టాప్ ఒకచోట, వచ్చే స్టాప్ ఇంకోచోట అయింది. అందుకని కొత్తచోటికి పోయినప్పుడు దిగగానే తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగి తెలుసుకో. పగటిపూట అడగడం తేలిక, చీకటిపడ్డాక వెతకడం కష్టం. స్టాపుల పేర్లు కూడా జనం నోట్లో ఉన్నవే పట్టుకోవాలి. సికింద్రాబాద్‌లో సంగీత్ థియేటర్ పోయి చాలా కాలమైంది, ఇప్పటికీ "సంగీత్, సంగీత్" అనే పిలుస్తాం. మీ అమీర్‌పేట సత్యం థియేటర్ పడగొట్టి మల్టీప్లెక్స్ కట్టినా సత్యం సత్యమే.

ఎక్కడం, దిగడం గురించి చెప్పేది జాగ్రత్తగా చదువు. ఆర్డినరీ బస్సులో ఆడవాళ్ళది ముందు తలుపు. ఎక్కినవాళ్ళు ఎక్కినచోటే రాడ్డు పట్టుకుని నిలబడిపోతారు, మెట్ల దగ్గర కిక్కిరిసి ఉంటే లోపల మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంటుంది. "లోపలికి జరగాలె, లోపల ఖాళీనే ఉంది" అని మేం గొంతు చించుకునేది అందుకే. ఊపిరాడడం లేదన్నావు చూడు, ఆ మెట్ల దగ్గరే ఆడదు. రెండడుగులు లోపలికి పో. బ్యాగు వీపు మీంచి తీసి ముందు వేసుకో. నీ స్టాప్ ఇంకొకటి ఉందనగానే తలుపు వైపు కదలడం మొదలుపెట్టు, ముందున్నవాళ్ళని "దిగుతారా అమ్మా?" అని అడుగు. దిగనివాళ్ళు వాళ్ళే దారి ఇస్తారు.

దిగేటప్పుడు అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఎడమవైపు నుంచి వచ్చే బండ్లు. మన బస్సులు చాలాచోట్ల ఫుట్‌పాత్‌కి ఆనుకుని ఆగవు, ఆటోలు అడ్డం ఉంటాయి, రోడ్డు మధ్యలోనే ఆపాల్సి వస్తుంది. బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉన్న ఆ సందులోంచి మోటార్ సైకిళ్ళు దూసుకొస్తాయి. చివరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, రాడ్డు వదలకుండా, తల బయటపెట్టి వెనక్కి చూడు. సందు ఖాళీ అయ్యాకే కాలు కిందపెట్టు. వెనకాల ఎవరు తొందరపెట్టినా సరే. దిగాక బస్సు ముందునుంచి రోడ్డు దాటొద్దు, డ్రైవర్ ఎత్తులో కూర్చుంటాడు, ముందు బంపర్ దగ్గరగా నడిచే మనిషి ఆయనకి కనపడదు. బస్సు వెళ్ళిపోనిచ్చి దాటు. కదిలే బస్సుని మాత్రం ఎప్పుడూ పరుగెత్తి పట్టుకోకు. ఆఫీసులో పావుగంట ఆలస్యమైతే ఒక మాట అంటారు, అంతేకదా!

ఇక టికెట్టు. మనది కోదాడ, నీ ఆధార్ మీద తెలంగాణ చిరునామా ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీలోనూ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లోనూ నీకు చార్జీ లేదు. మెట్రో డీలక్స్, ఏసీ బస్సులు, ఎయిర్‌పోర్టు పుష్పక్ వీటికి అది వర్తించదు, ఎక్కేముందు బోర్డు మీద బస్సు రకం చూసుకో. కార్డు అసలుదే చూపించాలి, జిరాక్సు, ఫోన్లో ఫొటో చెల్లవు. కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ చేతిలోకి తీసుకోకుండా ఎప్పుడూ కూర్చోకు. ఆ టికెట్ లెక్కమీదే ప్రభుత్వం సంస్థకి నీ చార్జీ కడుతుంది. తనిఖీకి వచ్చినప్పుడు అది లేకపోతే నీకు జరిమానా, కండక్టర్‌కి సంజాయిషీ. నీ రూమ్మేటు విజయవాడ పిల్ల అన్నావు కదా, ఆ అమ్మాయికి వాళ్ళ రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉచిత ప్రయాణం ఉన్నా ఇక్కడ అది పనిచేయదు. రోజూ తిరిగేదైతే నెల పాస్ తీసుకోమను. ఒకేరోజు నాలుగుచోట్ల తిరిగే పని ఉంటే టీ-24 టికెట్ తీసుకోమను, కొన్న సమయం నుంచి 24 గంటలు చెల్లుతుంది.

ఉచితంగా ఎక్కేవాళ్ళవల్లే రద్దీ అని ఎవరైనా గొణిగితే నువ్వు తల దించుకోవద్దు. ఆ పథకం వచ్చాక కొంతకాలం నేనూ డ్యూటీ చేశాను. నా బస్సులో ఒకామె ఇళ్ళల్లో పనికి పోయేది. చార్జీ మిగులుతుందని రెండు స్టేజీల ముందే దిగి నడిచిపోయేది, ఎండాకాలం కూడా. జీరో టికెట్ వచ్చిన వారంలో మొదటిసారి తన అసలు స్టాప్ పేరు చెప్పి టికెట్ అడిగింది. మిషన్ నొక్కుతుంటే నా కళ్ళు చెమర్చాయి. బస్సులు పెంచాల్సింది నిజమే, గట్టిగా అడగాల్సిందే. అందుకు ఆమెని దింపేయాలా?

బస్సులో ఎవడైనా వెకిలివేషాలు వేస్తే ఓర్చుకుని జరిగిపోకు. అందరికీ వినపడేలా "దూరం జరుగు" అను. నీ గొంతు లేస్తే చుట్టూ ఉన్న ఆడవాళ్ళ గొంతులూ లేస్తాయి, నేను ఎన్నోసార్లు చూశాను. కండక్టర్‌కి చెప్పు. బస్సుని నేరుగా పోలీస్ స్టేషన్ ముందు ఆపించే డ్రైవర్లు మాలో ఉన్నారు. 100కి ఫోన్ చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నదే ఇందుకు. ఆడవాళ్ళ సీట్లో మగవాళ్ళు కూర్చుంటే లేవమని అడగడానికి మొహమాటపడకు, అది నీ సీటు.

మెట్రో ఉంది కదా అంటావు. ఉంది, మంచిదే. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి బస్సు కంటే అదే ముందు చేరుస్తుంది. అక్కణ్ణుంచి కొండాపూర్‌కి మళ్ళీ ఏదో ఒకటి ఎక్కాలి, టికెట్ డబ్బు రోజూ పెట్టాలి. మామూలు రోజుల్లో 10హెచ్ పట్టుకో. సికింద్రాబాద్ నుంచి బేగంపేట, మీ అమీర్‌పేట, మాదాపూర్ మీదుగా కొండాపూర్ చేరుతుంది. భారీ వాన రోజున, రాత్రి బాగా పొద్దుపోయిన రోజున మెట్రో ఎక్కు. రాత్రి తొమ్మిది దాటాక బస్సులు పలచబడతాయి, నీ రూట్లో చివరి బండి ఎప్పుడో కండక్టర్‌ని అడిగి ఉంచుకో. రోజూ అదే డ్యూటీలో ఒకే కండక్టర్ వస్తుంటారు. పదిరోజులు పోతే నీ ముఖం గుర్తుపడతారు, రాని రోజు ఏమైందని అడుగుతారు.

ఒక ఆదివారం నీ స్నేహితురాలిని వెంటబెట్టుకుని పని ఏమీ పెట్టుకోకుండా సికింద్రాబాద్ పోయి చార్మినార్ వైపు 8ఎ ఎక్కు. కిటికీ సీటు దొరికేదాకా ఆగి ఎక్కు. అఫ్జల్‌గంజ్ దగ్గర జనమంతా దిగి కొత్త జనం ఎక్కుతారు, అప్పుడు చూడాలి ఆ బస్సుని, బట్టల మూటలు, ఉస్మానియా ఆసుపత్రి చీటీలు పట్టుకున్న ముసలివాళ్ళు, ఉర్దూ, తెలుగు, మరాఠీ కలిసిన మాటలు. నయాపూల్ మీద మూసీ దాటేటప్పుడు హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. ఇక్కడ సర్కారు బస్సుల నడక 1932 జూన్‌లో మొదలైంది, నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో పెట్టారు. ఆర్టీసీ బండి నంబరులో జెడ్ అక్షరం ఉంటుంది చూడు, అది నిజాం తల్లి జెహ్రా బేగం పేరుమీద పెట్టిందని మా డిపోలో పెద్దవాళ్ళు చెప్పేవారు. అలా రెండు మూడు ఆదివారాలు తిరిగితే ఏ రోడ్డు ఏ రోడ్డులో కలుస్తుందో నీకే అర్థమవుతుంది, సోమవారం పొద్దున స్టాప్‌లో నిలబడినప్పుడు కాళ్ళు వణకవు.

దసరాకి ఇంటికి వస్తావు కదా. ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోవద్దు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే బండి మారకుండా ఎల్బీనగర్‌లో దిగొచ్చు, కోదాడ బస్సులు అటునుంచే పోతాయి. రిజర్వేషన్ చేసుకునేటప్పుడు ఎక్కేచోటు ఎల్బీనగర్ అని పెట్టుకో, పండగ రెండు వారాలుందనగా చేసుకో. వానలు గట్టిగా పడుతుంటే బస్సులు ఎక్కణ్ణుంచి నడుస్తున్నాయో బయలుదేరేముందు కనుక్కో. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్ళొచ్చి, రాత్రివేళ ప్రయాణికులని తాళ్ళు కట్టి బయటికి తెచ్చారు, బస్సుల్ని వేరేచోట్ల నుంచి నడిపారు.

నీ ఆఫీసు షిఫ్టు ఎన్నింటికో, హాస్టల్ సరిగ్గా ఏ గల్లీలో ఉందో నాకు రాసి పంపు. ఏ స్టాప్‌లో నిలబడితే సీటు దొరుకుతుందో మా డిపోవాళ్ళని అడిగి చెప్తాను. అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ అత్తయ్య