తెర మీద ఇల్లు గీసే ముందు

టీ స్క్వేరు, ట్రేసింగ్ పేపరు ఉన్న రోజుల నుంచీ ఇంటి ప్లాన్లు గీస్తున్నాను. ఆటోక్యాడ్ 1982లోనే పుట్టినా మా ఊళ్లకు చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు స్వీట్ హోమ్ త్రీడీ లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇల్లు కట్టుకునేవాళ్లే రాత్రి భోజనాలయ్యాక కూర్చుని తమ ప్లాను తాము గీసుకుంటున్నారు. అది చూస్తే నాకు నిజంగా సంతోషం. ఆ ఇంట్లో బతకబోయేవాళ్లకంటే దాని గురించి ఎక్కువ ఆలోచించేది ఎవరు? బాధల్లా ఒక్కటే. తెర మీద ముచ్చటగా కనిపించిన ప్లాను మేస్త్రీ టేపు పెట్టేసరికి నిలబడటం లేదు. గీసేది మేస్త్రీ టేపు కోసం, ఇంట్లో నడిచే మనిషి కోసం. ఈ మాట మనసులో పెట్టుకుని గీసేవాళ్లకు పనికొస్తుందని నాకు తెలిసినవి రాస్తున్నాను.

1. కంప్యూటర్ తెరిచే ముందు స్థలం కొలవండి.

దస్తావేజులో 30 అడుగులు, 45 అడుగులు, 150 గజాలు అని ఉంటుంది. అవే అంకెలు కొట్టి దీర్ఘచతురస్రం గీసేస్తారు. నాలుగు వైపులా కొలతలు సరిపోయినా స్థలం ఒక పక్కకు ఒరిగి ఉండొచ్చు. ఐమూలలు రెండూ కొలిస్తేనే సంగతి బయటపడుతుంది. 30, 45 స్థలం నిజంగా మూలమట్టానికి ఉంటే ఐమూల 54 అడుగుల ఒక అంగుళం రావాలి, రెండోదీ అంతే రావాలి. తేడా వస్తే ఉన్నదున్నట్టే గీయండి. ముందు ఒక భుజం గీయండి. దాని ఒక కొన నుంచి పక్క భుజమంత, రెండో కొన నుంచి ఐమూలంత వృత్తాలు వేస్తే, అవి కలిసిన చోటే మూడో మూల. నాలుగోదీ ఇలాగే. వీధి వైపు డ్రైన్ అంచు, కరెంటు స్తంభం, పక్కింటి వాళ్ల కిటికీలు కూడా ఆ షీట్ మీదే గుర్తు పెట్టండి.

2. అడుగులు, అంగుళాలు, చుక్క.

పదడుగుల ఆరంగుళాలను మనవాళ్లు చీటీ మీద 10.6 అని రాసుకుంటారు. మేస్త్రీకి అది అర్థమవుతుంది, కంప్యూటర్‌కు కాదు. దశాంశాల్లో ఉన్న ఫైల్లో 10.6 కొడితే పదడుగుల ఏడంగుళాలు దాటుతుంది. పదడుగుల పదంగుళాలను 10.10 అని కొడితే ఇంకా ప్రమాదం. దాన్ని 10.1గా తీసుకుని పదడుగుల ఒక అంగుళం పైచిలుకు గీసి పెడుతుంది. దాదాపు తొమ్మిది అంగుళాలు, అంటే ఒక గోడ మందం, ఎటుపోయిందో తెలియకుండా పోతుంది. ఫైలు తెరవగానే ప్రమాణాలు అడుగులు, అంగుళాలకు మార్చుకోండి, లేదా మొత్తం మిల్లీమీటర్లలో గీయండి. అడుగుకు 304.8 మిల్లీమీటర్లు. రెండూ కలపొద్దు.

3. గోడలకు మందం ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లో మొదట ఉండే గోడ మందం, గోడ ఎత్తు మన ఇళ్లవి కావు. ముందు వాటిని మార్చాలి. మన దగ్గర బయటి గోడ తొమ్మిదంగుళాలు, లోపలిది నాలుగున్నర అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది: 30 అడుగుల వెడల్పు స్థలంలో ఇరువైపులా మూడేసి అడుగులు వదిలితే మిగిలేది 24. పక్కపక్కన రెండు గదులు పన్నెండేసి అడుగులు వస్తాయని ఇంట్లో అందరూ ఖాయం చేసేసుకుంటారు. బయటి గోడలు రెండు, మధ్య గోడ ఒకటి తీసేస్తే 22 అడుగుల ఒకటిన్నర అంగుళం. ఒక్కో ముఖానికి అరంగుళం చొప్పున ప్లాస్టరింగ్ కూడా తీసేస్తే ఒక్కో గదికి 11 అడుగులు నిండా రాదు. ఆ గదిలో ఆరడుగుల మంచం వేసి, బీరువా పెట్టి, తలుపు తెరిచి చూడండి. ప్లాను మీద ఎప్పుడూ గది లోపలి కొలత, ప్లాస్టరింగ్ పోను, వేరే రాసి పెట్టండి. ఇంట్లోవాళ్లకు కావలసింది ఆ అంకె.

4. మెట్లను బొమ్మల జాబితాలోంచి లాగి పెట్టకండి.

అన్నిటికంటే ఎక్కువ ప్లాన్లు పాడవుతున్నది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి. నేల నుంచి పై అంతస్తు నేలకు పదిన్నర అడుగులనుకుందాం, అంటే 126 అంగుళాలు. మెట్టుకు ఏడంగుళాల ఎత్తు చొప్పున 18 మెట్లు ఎక్కాలి. మధ్యలో తిరిగే మెట్లయితే తొమ్మిది, తొమ్మిది. తొమ్మిదో అడుగు ల్యాండింగ్ మీదే పడుతుంది కనుక ఒక్కో వరసకు ఎనిమిది పలకలు. పలకకు పదంగుళాలైతే ఆరడుగుల ఎనిమిదంగుళాలు. దానికి మూడడుగుల ల్యాండింగ్, కింద ఎక్కేముందు నిలబడటానికి ఇంకో మూడడుగులు. మొత్తం పన్నెండున్నర దాటింది. వెడల్పు రెండు వరసలకు కలిపి ఆరడుగుల పైనే.

జాబితాలోంచి లాగిన మెట్ల బొమ్మ మీరు ఎంత కుదిస్తే అంత కుదురుతుంది. ఎనిమిదడుగుల పెట్టెలో ఇమిడింది కదా అని వదిలేస్తే, స్థలం చాలక మేస్త్రీ 14 మెట్లతో సరిపెడతాడు. మెట్టు తొమ్మిదంగుళాలు లేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఇక డాబా ఎక్కదు. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదని, పలక 250కి తగ్గకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది.

ఇంకో సంగతి. పై లెక్కలో ల్యాండింగ్ అయిదడుగుల మూడంగుళాల ఎత్తున వస్తుంది. స్లాబ్ మందం పోతే కింద అయిదడుగులు కూడా మిగలవు. అక్కడే బాత్రూం గీసి పెట్టిన ప్లాన్లు నా దగ్గరకు ఇప్పటికీ వస్తున్నాయి. పైనుంచి చూసే ప్లానులో ఎత్తు కనపడదు. మెట్లున్న చోట నిలువుగా కోసిన సెక్షన్ ఒకటి తప్పకుండా గీయండి.

5. వంటగది గీసేటప్పుడు వండేవాళ్లు పక్కన ఉండాలి.

జాబితాలో ఓవెన్లు, నాలుగు కుర్చీల బల్లలు ఉంటాయి. వాడుతున్న గ్యాస్ బండ, నిండు బండ, మిక్సీ, గ్రైండర్, బియ్యం డబ్బా, మంచినీళ్ల క్యాన్ ఉండవు. వాటికి మామూలు పెట్టెలు గీసి పేర్లు రాయండి. ఒక ఇంట్లో ఆవిడ తెర చూసి ఒక్క మాట అడిగింది: ‘అంట్లు ఎక్కడ తోమాలండీ?’ ఆ ప్రశ్నతో వంటగది వెనక అయిదడుగుల వాష్ ఏరియా, దానికి తలుపు, నీళ్లు పోయే దారి వచ్చాయి. హాలు ఆ మేరకు తగ్గింది, ఎవరూ బాధపడలేదు.

6. వాస్తు మాట ముందే తేల్చుకోండి.

నమ్మకం ఉన్న ఇల్లయితే సిద్ధాంతిగారిని ఖాళీ స్థలం ప్లాను మీదే కూర్చోబెట్టండి. ఆగ్నేయంలో వంట, నైరుతిలో పెద్ద పడకగది, ఈశాన్యంలో సంప్ అని మొదటే రాసుకుంటే మిగతా గదులు వాటి చుట్టూ సర్దుకుంటాయి. అంతా అయ్యాక తలుపు రెండడుగులు జరపమంటే పిల్లర్లు కదలాలి.

7. ఎండను గీసి చూడండి.

స్కెచప్‌లో ఊరు, తేదీ, గంట ఇస్తే నీడలు చూపిస్తుంది. ఈ సదుపాయాన్ని చాలామంది అందమైన బొమ్మ కోసమే వాడుతున్నారు. దీన్ని మే నెల సాయంత్రం నాలుగు గంటలకు పెట్టి పడమటి గోడ చూడండి. అక్కడ పడకగది ఉంటే రాత్రి పదింటికీ గోడ వేడి తగ్గదు. బాత్రూం, మెట్లు, స్టోర్ రూం అటు పెట్టగలరేమో ఆలోచించండి. ఉత్తరం కిటికీకి సజ్జ ఎందుకని అడుగుతుంటారు. విజయవాడలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. సజ్జ ఉండాలి.

8. పై అంతస్తు కింది అంతస్తు మీదే నిలబడాలి.

సాఫ్ట్‌వేర్ పైన గోడలు ఎటు పడితే అటు గీయనిస్తుంది. కింది ప్లానును లేతగా కనపడేలా ఉంచి దాని మీద పైది గీయండి. పిల్లర్ మీద పిల్లర్, బాత్రూం మీద బాత్రూం. 9, 12 అంగుళాల పిల్లర్ తొమ్మిదంగుళాల గోడలోంచి మూడంగుళాలు బయటికి వస్తుంది. దాన్ని అల్మరా పక్కకో తలుపు వెనక్కో తిప్పుకోవచ్చు. ఇనుము, పునాది లోతు మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరు పని, ఏ త్రీడీ బొమ్మా అది చెప్పదు.

9. అనుమతి ప్లాను వేరు.

తెలంగాణలో 2020లో ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్-బీపాస్ వచ్చింది, ఆంధ్రలోనూ అర్జీ ఆన్‌లైన్‌లోనే. ప్లానును ముందు సాఫ్ట్‌వేరే చదివే చోట ఏ గీత ఏ లేయర్‌లో ఉంది, గీత పూర్తిగా మూసుకుందా అన్నది ముఖ్యం. కంటికి సరిగ్గా ఉన్నా వెనక్కి పంపుతుంది. ఆ పని లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్‌తో చేయించుకోండి, సెట్‌బ్యాక్‌లు, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీ, మాత్రం గదులు గీయకముందే వారిని అడగండి.

10. ముగ్గు పోయించి నడవండి.

ప్లాను ఖాయం చేసే ముందు స్థలంలో అసలు కొలతలకు ముగ్గుతో గదులు గీయించండి. తలుపుల చోట గీత తెంపమనండి. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లి, రాత్రి మంచం మీంచి లేచి బాత్రూంకు వెళ్లినట్టు నడవమనండి. వాకర్ పట్టుకున్న మనిషికి రెండున్నర అడుగుల బాత్రూం తలుపు, చౌకట్టు మందం పోతే, ఇరుకవుతుందని అక్కడే తెలుస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి మూడడుగులకు మార్చుకోండి.

11. ప్రతి షీట్ మీద తేదీ వేయండి.

మేస్త్రీకి ఇచ్చే కాగితం మీద అన్ని కొలతలూ అంకెల్లో ఉండాలి, స్కేలు పెట్టి కొలుచుకోవలసిన పని ఉండకూడదు. కొత్తది ఇచ్చిన రోజున పాత కాగితం వెనక్కి తీసుకోండి. రాడ్‌బెండర్ దగ్గర ఒకటి, ప్లంబర్ దగ్గర ఇంకొకటి ఉంటే గొడవలు గోడలెక్కుతాయి. కట్టేటప్పుడు మారినవన్నీ వారం వారం ఫైల్లో సరిదిద్దండి. స్లాబ్ వేసే ముందు కరెంటు పైపులు, గోడలు పూసే ముందు నీటి పైపులు టేపు పెట్టి ఫోటోలు తీసి, ఏ మూల నుంచి ఎంత దూరమో ప్లానులో ఎక్కించండి. ఒక కాపీ డీడబ్ల్యూజీలో, ఒకటి పీడీఎఫ్‌లో, ఒకటి ప్రింటు తీసి ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో.